భృంగించు, క్రియ

ప్లంబరు సింకు కింద నుంచి తల బయటపెట్టి, చేతులు గుడ్డతో తుడుచుకుంటూ, "ఇవాళ్టికి భృంగించేద్దామమ్మా. మిగతాది రేపు చూద్దాం" అన్నాడు.

పేజీలమ్మకు అరికాలి మంట నెత్తికెక్కింది. పాత పైపు విప్పి గట్టు మీద పడేశాడు. కొత్త పైపు సగం దాకా బిగించి, దాని మూతి కింద బక్కెట్టు పెట్టాడు. వంటగది అంతా బురద అడుగులు. అది చాలక ఈ మాట ఒకటి.

"ఏం చేద్దాం అన్నావు?"

"భృంగించేద్దాం అన్నాను. అంటే ఆఖర్న కొంచెం..."

"దాని అర్థం నాకు చెప్పక్కర్లేదు. పని మధ్యలో వదిలేసి పోవడాన్ని ఎగ్గొట్టడం అంటారు."

ప్లంబరు ఏమీ నొచ్చుకోలేదు. "మధ్యలో వదిలేస్తే ఎగ్గొట్టడమేనమ్మా. అంతా చేసి ఆఖరి మర దగ్గర ఆపితే భృంగించడం. టీవీలో కూడా అంటున్నారు కదా" అని పానాలు సంచిలో వేసుకుని వెళ్లిపోయాడు.

టేబులు దగ్గర కూర్చున్న కూతురు పేపరు చాటున నవ్వుకుంది. "అర్థం బాగానే చెప్పాడే అమ్మా."

"నువ్వు నోరుమూసుకుని టిఫిను తిను."

"నేను ఎప్పట్నించో చెప్తూనే ఉన్నాను. వెళ్లి ఆ పెద్దాయన మొహం మీదే అడిగెయ్. 'ఏవండీ, మీ పేరు మీద ఊరంతా వాడుకుంటున్న మాట నా చేతిలోంచి పుట్టింది, కాస్త నాకూ వాటా ఇవ్వండి' అని. నువ్వేమో అందరి మీదా విసుక్కుంటావు గానీ, అడగాల్సిన చోట అడగవు."

పేజీలమ్మ బక్కెట్టు తీసి పారబోసింది. కూతురన్నది నిజమే.

భృంగి అనేది ఒక కథకుడి కలం పేరు. ఆయన కథలు ఇక అయిపోతాయి అనుకునే చోటికి ఒక అడుగు ముందే ఆగిపోతాయి. తలుపు కొడతారు, తీశారో లేదో తెలియదు. ఉత్తరం విప్పుతారు, అందులో ఏముందో చెప్పడు. ఆ ఆగడం చూసి విమర్శకులు మురిసిపోయి భృంగీయం అని పేరు పెట్టారు. కాలేజీ పిల్లలు దాన్ని భృంగించడం చేశారు. అక్కడి నుంచి అది వీధిన పడి, బస్సు కండక్టర్ల దాకా, చివరికి ఆవిడ వంటగది సింకు కిందికి వచ్చింది. ఆ కథలను ఆపింది మాత్రం భృంగి కాదు. వారపత్రికలో పేజీలు కట్టే పేజీలమ్మ. జాగా చాలక చివరి పేరాలు తీసి పారేసినది ఆమె. ఈ సంగతి అప్పటి ఎడిటరుకు తెలుసు, ఆయన పోయాడు. కూతురికి, ప్రూఫ్ రీడరుకు తెలుసు, వాళ్ల మాట ఎవరు నమ్ముతారు? ఇక భృంగికి తెలియకుండా ఉంటుందా? తన కథకు తోక తెగిందని అచ్చులో చూసుకోడా? అయినా ఆ మనిషి ఏ సభలోనూ ఒక్క ముక్క అనలేదు.

ఆఫీసు గేటు దగ్గర వాచ్‌మన్ చేయెత్తి ఆపాడు. "లిఫ్టు మళ్లీ భృంగించింది మేడమ్. రెండుకీ మూడుకీ మధ్యన ఆగింది. మెట్లెక్కండి."

ఆవిడ పళ్లు కొరుక్కుంటూ మెట్లెక్కింది.

పైన ఎడిటరు తన గదిలోంచి పిలిచాడు. కుర్రవాడు, ఈ పత్రికకు వచ్చి ఎంతో కాలం కాలేదు. ప్రతిదానికీ పొంగిపోతాడు. అతని చేతిలో ఒక కాయితం ఉంది.

"మేడమ్, మంచి వార్త. కొత్త నిఘంటువు వేస్తున్నారు కదా, అందులో మన భృంగి గారి మాట చేరుస్తున్నారు. ఒక రచయిత పేరు బతికుండగానే నిఘంటువుకెక్కడం మాటలా? అర్థం, పుట్టుక మనల్నే రాసి పంపమన్నారు. ఆరు పంక్తులు దాటకూడదట. వచ్చే శుక్రవారంలోపు పంపాలి."

"పంపండి."

"మీరు రాయండి. కుదించడంలో మీ తర్వాతే ఎవరైనా."

పేజీలమ్మ అతని మొహంలోకి చూసింది. వేళాకోళం కాదు, నిజంగానే అంటున్నాడు. పాపం, అతనికేం తెలుసు?

"ఆయన పుట్టినరోజు సంచిక కూడా ఈ వారమే. కొత్త కథ వస్తోంది. రెండూ మీ చేతుల మీదుగానే వెళ్తే బాగుంటుంది" అని కాయితం ఆవిడ చేతిలో పెట్టాడు.

ఆవిడ తన సీటుకొచ్చి ఆ కాయితాన్ని కీబోర్డు పక్కన పెట్టుకుంది. భృంగించు, క్రియ, అని కొట్టింది. ఆ తర్వాత ఏం రాయాలి? 'కథను ఆఖరి మెట్టు మీద ఆపి వదలు' అని రాసింది. బాగానే ఉంది. 'రచయిత భృంగి శైలి నుంచి' అని మొదలుపెట్టి, శైలి దగ్గర ఆగింది. ఆ ముక్క కొట్టేసింది. 'రచయిత భృంగి పేరు నుంచి' అని రాసింది. అది అబద్ధం కాదు. కానీ నిజం కూడా కాదు. మొత్తం కొట్టేసింది. పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా వంటల పేజీ కట్టింది, పదకేళి కట్టింది, వైద్యుడి సలహాల్లో రెండు ప్రశ్నలు లేపేసి మోకాళ్ల నొప్పుల బొమ్మ ఇరికించింది. మధ్యమధ్య ఆ ఖాళీ తెర మీదికి వెళ్లి చూసి, మళ్లీ మూసేసింది.

మర్నాడు భృంగి కథ వచ్చింది. దాని వెనకే ఫోను.

"అమ్మా, కథ పంపాను. చేరిందా?"

"చేరింది మాష్టారూ."

"ఒక్క అక్షరం కూడా తీయొద్దు. ఒక్కటంటే ఒక్కటి. చివర్లో అయితే మరీ ముట్టుకోవద్దు."

ఎప్పుడూ ఇదే మాట. ఏ కథ పంపినా, పంపిన పూటే ఫోను చేసి, చెవిలో జోరీగలా ఇదే చెబుతాడు. ఆవిడ ఎప్పుడూ సరే మాష్టారూ అంటుంది. ఫోను పెట్టేసి కత్తిరిస్తుంది. ఈసారి కూడా సరే మాష్టారూ అంది.

కథ చదివింది. అన్నతో తగువు పడి ఏళ్ల తరబడి మాట్లాడని ఒక చెల్లెలు, సంచీ భుజాన వేసుకుని అన్న ఇంటి గేటు దగ్గరికి వస్తుంది. వంటింటి కిటికీలో దీపం వెలుగుతూ ఉంటుంది. గొళ్లెం మీద చెయ్యి వేస్తుంది. లోపల దీపం ఆరిపోతుంది. పేజీలమ్మ అక్కడ తెలియకుండానే ఊపిరి బిగబట్టింది. ఎంత చికాకు పెట్టినా ముసలాయన చేతిలో పని ఉంది. అది కాదనలేదు.

ఆ తర్వాత మూడు పేరాలు ఉన్నాయి. దీపం మళ్లీ వెలుగుతుంది. అన్న పరుగున వస్తాడు. ఇద్దరూ కావలించుకుని ఏడుస్తారు. వదిన ఏడుస్తుంది. పక్కింటివాళ్లు కూడా బయటికొచ్చి ఏడుస్తారు. రక్తసంబంధం ఎంత గొప్పదో, ఈ కాలం మనుషులు దాన్ని ఎలా మరిచిపోతున్నారో చెబుతూ చివరి పేరా నడుస్తుంది. ఏ కథ పంపినా ఇంతే. చక్కగా నడిచి నడిచి, ఆఖర్న బురదలో కాలు వేస్తాడు. ఆ కాలు కడిగి లోపలికి పంపించేది తను. పేరు మాత్రం ఆయనది.

బొమ్మ వచ్చాక పేజీలో కథ పోసింది. రెండు పేజీలు, ఆరు కాలమ్‌లు. రెండో పేజీ కింద సగం పరుపుల కంపెనీ ప్రకటన. ఆరో కాలమ్ చివర ఎర్రటి గుర్తు వచ్చింది, మేటరు మిగిలిందని. ఎంత మిగిలిందో చూడనక్కర్లేదు, సరిగ్గా దీపం ఆరిన తర్వాతి మూడు పేరాలు. మౌసు మీద వేలు దానంతటదే ఆ మూడు పేరాల వైపు వెళ్లింది.

ఆపుకుంది. ఎందుకు కొయ్యాలి? ఒక్క అక్షరం తీయొద్దన్నాడు. తీయను. నిఘంటువులో ఆయన పేరు పడుతోంది కదా, అందరూ ఆయన కలం చూసి మెచ్చుకుంటున్నారు కదా, ఆ కలం ఎక్కడ ఆగుతుందో లోకం కూడా ఒకసారి చూడనీ. ఆవిడకు అప్పుడు నిజంగానే హాయిగా అనిపించింది.

హాయి సరే, పని తడిసి మోపెడైంది. మూడు పేరాలకు జాగా కావాలి. బొమ్మ చిన్నది చేసింది. ఆర్టిస్టు వచ్చి, "గేటు వేయడానికి ఒక రోజు పట్టింది మేడమ్, అగ్గిపెట్టె చేసేశారు" అని గొణిగాడు. శీర్షిక కుదించింది. పక్కనున్న హాస్యపు తునక ఎత్తేసింది. ఇంకా నాలుగు పంక్తులు మిగిలాయి. పరుపుల కంపెనీని కాస్త కిందికి జరిపి, అంచు గీత తీసేసి, వాటినీ ఎక్కించింది. ఎర్ర గుర్తు పోయింది. ప్రూఫ్ రీడరు పేజీ చదివి, కళ్లజోడు పైకి తోసి, "మొత్తం వేసేస్తున్నారా?" అని అడిగాడు.

"ఒక్క అక్షరం తీయొద్దన్నారు."

"ఎప్పుడూ అంటారుగా."

"ఈసారి విన్నాను."

ఆ పేజీ ప్రెస్సుకు పోయింది.

సంచిక బజార్లోకి వచ్చిన రోజు ఆఫీసులో ఫోన్లు ఆగలేదు. ఎడిటరు మెట్ల మీద నుంచే చెప్పడం మొదలుపెట్టాడు. "పాఠకులు కొత్త భృంగిని చూశామంటున్నారు మేడమ్. ఒకావిడ ఏడ్చేశానని ఫోను చేసింది." కొందరు ముసలాయన పనైపోయిందన్నారు. కొందరు అచ్చుతప్పేమో, వేరే ఎవరి కథో కలిసిపోయిందేమో చూసుకోండన్నారు. పేజీలమ్మ తన సీట్లో కూర్చుని అచ్చయిన పేజీని ఇంకోసారి చదివింది. దీపం ఆరిన చోట ఆగి, కింద ఉన్నది చెయ్యి అడ్డం పెట్టుకుని చూసింది. చెయ్యి తీసింది. గర్వంగా ఉంటుందనుకుంది. లేదు. చక్కగా తయారైన మనిషిని చొక్కా తిరగేసుకున్నాడని తెలిసీ వీధిలోకి పంపినట్టుంది. తప్పు తనదే. తెలిసి చేసిన తప్పు.

మధ్యాహ్నం భోజనాల వేళ భృంగి వచ్చాడు. లిఫ్టు ఇంకా బాగుపడలేదు. డెబ్బై దాటిన మనిషి, మూడంతస్తులు ఎక్కి, ఆవిడ బల్ల అంచు పట్టుకుని ఆయాసం తీర్చుకున్నాడు. ఆవిడ లేచి కుర్చీ జరిపింది. కూర్చోలేదు.

"ఇదేం పనమ్మా?"

"మీరు చెప్పిందే చేశాను మాష్టారూ. ఒక్క అక్షరం తీయలేదు."

"ప్రతిసారీ చెప్పేదే కదా. ఏనాడైనా విన్నావా?"

"ఈసారి విన్నాను."

"ఈసారే ఎందుకు విన్నావు?" ఆయన గొంతులో కోపం కంటే విసుగే ఎక్కువగా ఉంది. "దీపం ఆరిపోయింది. నా కథ అక్కడితో అయిపోయింది. ఆ తర్వాత రాసింది నీకు."

"నాకా?"

"నీ కత్తెరకి. కొయ్యడానికి నీకు ఏదో ఒకటి కావాలి కదా. కొయ్యడానికేమీ లేకపోతే కథలో చెయ్యి పెడతావు. బట్టలు కుట్టేవాళ్లు అంచు మడతకి అదనంగా గుడ్డ వదుల్తారు చూడు, అలా వదుల్తూ వచ్చాను. పక్కింటివాళ్లు కూడా ఏడ్చారని రాశాను కదమ్మా. అది చదివాక కూడా ఉంచేస్తారా ఎవరైనా?"

పేజీలమ్మకు ఒళ్లు మండింది. "అంటే ఇన్నేళ్లూ నేను కోసింది మీరు పారేసిన పీలికలా? నేనేదో మీ కథలు కాపాడుతున్నానని అనుకుంటూ ఉన్నాను. చివరికి మీ చెత్త ఊడ్చాననా?"

"మొదటిది కాదు" అన్నాడాయన, ఇప్పుడు కూర్చుంటూ. "ఆ బావి కథ. అందులో నువ్వు తీసేసింది నా అసలు ముగింపు. దానికోసం నెల్లాళ్లు కూర్చున్నాను. పత్రిక విప్పి చూస్తే లేదు. నిజం చెప్తున్నాను, ఏడ్చాను. నీ మీద ఫిర్యాదు రాద్దామని కాయితం కూడా తీశాను. రాసే ముందు ఇంకోసారి చదివాను. నువ్వు ఆపిన చోటే కథ అయిపోయింది. అది నాకు తెలియలేదు, నీకు తెలిసింది."

ఇన్నేళ్లుగా వినాలనుకున్న మాట ఇదే. మాట్లాడకుండా ఊరుకుంటే సరిపోయేది. ఊరుకోలేకపోయింది.

"నాకూ తెలియదు మాష్టారూ. ఆ రోజు సబ్బుల కంపెనీ ప్రకటన చివరి నిమిషంలో వచ్చింది. ప్రెస్సు వాళ్లు తలుపు దగ్గర నిలబడి తొందర పెడుతున్నారు. జాగా ఎంతుందో చూశాను, కథ చూడలేదు."

భృంగి భుజాలు కదిలాయి. నవ్వుతున్నాడని ఆవిడకు ఆలస్యంగా అర్థమైంది. "సబ్బా?" అన్నాడు కళ్లు తుడుచుకుంటూ. "ఇన్ని సభలు, ఇన్ని వ్యాసాలు. సబ్బుకి పుట్టిందా ఆ మాట."

"రెండో కథ నుంచి మాత్రం చదివే కోశాను. ఎక్కడ ఆగాలో చూసి మరీ కోశాను."

"తెలుసు. నేను గీత గీసుకున్న చోటే కోసేదానివి. ఒక్కసారి కూడా తప్పలేదు. అందుకే ధైర్యంగా చెత్త పెంచుతూ పోయాను."

"మరి ఎక్కడైనా ఒక్కసారి చెప్పొచ్చు కదా మాష్టారూ? పేరు పెట్టమని కాదు. ఊరికే, మా పత్రికలో ఒకామె ఉంది అని."

ఆయన అప్పుడు నవ్వలేదు. "చెబుదామనే ఉండేది. అందరూ ఆ ఒక్క గుణాన్నే పట్టుకుని పొగిడేవాళ్లు. మధ్యలో లేచి అది నాది కాదని చెప్తే ఇక నాకు మిగిలేదేముంది? ఈ సభ అయ్యాక చెబుదాం, ఆ సభ అయ్యాక చెబుదాం అనుకుంటూ గడిపేశాను. నా తప్పే."

పేజీలమ్మ నిఘంటువు వాళ్ల కాయితం తీసి ఆయన ముందు పెట్టింది. తెర కూడా ఆయన వైపు తిప్పింది. భృంగించు, క్రియ, అని ఉంది. దాని కింద ఏమీ లేదు. "రేపే శుక్రవారం. ఇది నన్ను రాయమన్నారు. నావల్ల కాలేదు."

ఆయన ఆ ఖాళీని చూశాడు. మోకాళ్ల మీద చేతులు ఆనించి లేచి, ఎడిటరు గదిలోకి వెళ్లాడు. తలుపు మూయలేదు. అందుకని ఆవిడకు అంతా వినిపించింది.

"బాబూ, నీకో సంగతి చెప్పాలి. ఆ మాట ఉంది చూడు, నా పేరు మీద. దాంట్లో ఉన్న నేర్పు నాది కాదు, మన పత్రికలో పేజీలు కట్టే ఆమెది. నా కథను మొదట ఆపిన చెయ్యి ఆమెది. నిఘంటువులో అది రాయించు."

ఎడిటరు గొంతు పూర్తిగా కరిగిపోయింది. "మాష్టారూ, ఇందుకే మీరంటే మాకు ప్రాణం. ఇంత ఎత్తుకు ఎదిగి కూడా, ఆ ఘనత పేజీలు కట్టే మనిషికి ఇవ్వడానికి చూస్తున్నారు. ఈ వినయం ఎంతమందికుంటుంది?"

"వినయం కాదయ్యా. జరిగింది చెప్తున్నాను."

"అదిగో, మళ్లీ." ఎడిటరు మురిసిపోతూ నవ్వాడు. "ఉండండి, మీ మాటలు మీవిగానే రాసుకుంటాను. మళ్లీ ఒకసారి చెప్పండి."

భృంగి రెండుసార్లు చెప్పాడు. సబ్బు సంగతి కూడా చెప్పాడు. దానికి ఎడిటరు ఇంకా గట్టిగా నవ్వాడు. బయటికొచ్చేటప్పుడు ముసలాయన మొహం వాడిపోయి ఉంది. ఆవిడ బల్ల దగ్గర ఆగి, "చెప్పానమ్మా" అన్నాడు. "విన్నాడు. ఏం విన్నాడో నువ్వూ విన్నావుగా."

"విన్నాను మాష్టారూ."

"ఎవరికి చెప్పినా ఇంతే వింటారు. ముందే చెప్పి ఉంటే వేరేగా ఉండేది. ఇప్పుడు నేనేం చెప్పినా నా గొప్పతనం కిందే జమ చేస్తారు." ఆయన తలుపు దాకా వెళ్లి మెట్లు చూసి నిట్టూర్చాడు. ఆవిడ వెంట వెళ్లి రెండో అంతస్తు దాకా చెయ్యి పట్టుకుని దింపింది. అక్కడ ఆయన ఇక చాలన్నాడు.

తిరిగొచ్చేసరికి ఎడిటరు ఆవిడ సీటు పక్కన నిలబడి ఉన్నాడు. మొహం వెలిగిపోతోంది. "మీరు పడిన కష్టం తప్పించేశాను మేడమ్. పుట్టుకతో సహా నేనే రాసేశాను. ఏడు పంక్తులు వచ్చాయి, ఆరు చెయ్యండి చాలు. మాష్టారి మాటలు మాత్రం కదపకండి. అది బంగారం" అన్నాడు. తన గదికి వెళ్తూ, "మీ పేరు కూడా పడుతుందనుకోండి, ఒక రకంగా" అని కూడా అన్నాడు.

ఆవిడ కూర్చుని చదివింది.

'భృంగించు: క్రి. కథను గాని, పనిని గాని ఆఖరి మెట్టు దగ్గర నేర్పుగా ఆపి వదలు. ప్రసిద్ధ కథకుడు భృంగి పేరు నుంచి పుట్టినది. "ఈ నేర్పు నాది కాదు, మా పత్రికలో పేజీలు కట్టే ఆమెది. నా కథను మొదట ఆపిన చెయ్యి ఆమెది" అని ఆ మహారచయిత, శిఖరమంత ఎత్తుకు ఎదిగినా తమకు సహజమైన వినయంతో, నవ్వుతూ అన్నారు.'

మళ్లీ చదివింది. ముందు కోపం వచ్చింది. ఆ తర్వాత రాలేదు. చెయ్యి మౌసు మీద వేసుకుని, ఎన్ని అక్షరాలు ఎక్కువయ్యాయో కళ్లతోనే కొలుచుకుంది. ఒక పంక్తి పోవాలి. అర్థం తీయడానికి లేదు. మాష్టారి మాటలు కదపొద్దన్నాడు. వాటిని ఆవిడ కదపలేదు.

'మహా' తీసింది. 'శిఖరమంత ఎత్తుకు ఎదిగినా' తీసింది. 'తమకు సహజమైన వినయంతో' తీసింది. 'నవ్వుతూ' దగ్గర ఒక్క క్షణం ఆగి, అది కూడా తీసింది. ఏడో పంక్తి ఆరోదానిలోకి ఎక్కి కూర్చుంది.

"పట్టిందా మేడమ్?" ఎడిటరు లోపలి నుంచి అడిగాడు.

"పట్టింది."

"అయితే పంపించేయండి. ఇంకోసారి చూడక్కర్లేదు, మీరు చూశారంటే చాలు."

ఆవిడ చివరి పంక్తి ఇంకోసారి చదువుకుంది. 'నా కథను మొదట ఆపిన చెయ్యి ఆమెది' అని ఆ రచయిత అన్నారు. అలాగే పంపించేసింది.